డెబోరా, చూ. వినీల

తాసిల్దారు ఆఫీసు నుంచి వచ్చిన నోటీసులో నా పేరు పక్కన ‘సాక్షి’ అని ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన మనిషిని. పుస్తకం తిరిగివ్వని వాళ్లతో తప్ప ఎవరితోనూ తగువు పడ్డవాణ్ణి కాను. నోటీసు తెచ్చినతను నాచేత సంతకం పెట్టించుకుంటూ, “భయపడబాకండి సార్, కేసు మీ మీద కాదు,” అన్నాడు. ఎండన పడి వచ్చాడు కదా అని చెంబుతో మంచినీళ్లిచ్చాను. సగం తాగి, మిగిలింది పారబోయకుండా గుమ్మం పక్కనున్న మల్లెమొక్క మొదట్లో పోసి వెళ్లాడు. ఆ మొక్క నా భార్య నాటింది. ఆమె పోయి మూడేళ్లు. ఆ సంగతి అతనికి తెలియదు.

నా భార్య తరఫు చుట్టం మాలకొండయ్య కూతురు వినీల ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఎవరో ఫిర్యాదు చేశారు. దాని విచారణకు నేను ‘సంబంధిత రికార్డులతో’ రావాలి. నోటీసుకు జతచేసిన కాగితం తిప్పి చూశాక అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. అది చర్చి రిజిస్టర్లకు నేను తయారుచేసిన పేర్ల సూచికలోని పేజీ. ఒక వరుస కింద ఎర్రగీత ఉంది.

డెబోరా, మాథ్యూ కూతురు – చూ. వినీల, మాలకొండయ్య కూతురు.

ఆ ‘చూ.’ గురించి చెప్పాలి. ‘చూడుము’ అనే మాటకు అది పొట్టిరూపం. ఒకే మనిషికి రెండు పేర్లుంటే, ఒక పేరుతో వెతికేవాడు ఉత్తచేతులతో వెనక్కి పోకూడదని, ఆ పేరు మీద ఒక కార్డు రాసి, ఫలానా పేరు చూడుము అని దారి చూపిస్తాం. లైబ్రేరియన్ చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని అది. వచ్చినవాడి చెయ్యి పట్టుకొని అల్మరా దాకా తీసుకుపోయినట్టుంటుంది.

మా పాళెం విడవలూరుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది. నాది కోవూరు దగ్గర వరిపొలాలున్న కుటుంబం. పాళెం పిల్ల కరుణాకుమారిని పెళ్లి చేసుకొని ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడి చర్చిలో బాప్తిస్మపు రిజిస్టర్లు రెండున్నాయి. మొదటిది 1909లో మొదలైతే, రెండోది 2015తో ఆగింది. ఇక్కడి వాళ్లు కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకొని, ఆ రోజున కొత్త పేరు పెట్టుకుంటారు. పాస్టరు ఆ పేరూ, తండ్రి పేరూ, తేదీ రాస్తాడు. కరుణ పోయిన నెలకు, ఆమె పేరున్న వరుస చూసుకుందామని వెళ్లి ఆ రిజిస్టరు తెరిస్తే, ఉప్పుగాలికి అంచులు వడియాల్లా విరిగి నా ఒళ్లో రాలాయి. నడుమ చెదపురుగు దారి చేసుకుంది. బెంగళూరులో ఒక డిజిటల్ లైబ్రరీ ఉందని తెలిసి ఉత్తరం రాశాను. వాళ్లు కెమెరా స్టాండు పంపారు. పాస్టరుగారి అనుమతితో ఒక్కో ఆకూ ఫోటో తీశాను. ఇప్పుడు ఆ రెండు రిజిస్టర్లను ఎక్కడివాళ్లైనా ఫోనులో తెరిచి చూసుకోవచ్చు.

అయితే బొమ్మలుంటే చాలదు. ఎవరి పేరు ఏ పేజీలో ఉందో తెలియాలి. ఇక్కడ అందరికీ రెండేసి పేర్లు. కాలవలో పెట్టుకున్న పేరు చర్చిలో, ఇంట్లో పలుకుతుంది. బడి పేరు సర్టిఫికెట్‌లో, రేషన్ కార్డులో, ఓటరు జాబితాలో ఉంటుంది. ఆదివారం డెబోరా అయిన పిల్ల సోమవారం వినీల. ఎందుకలాగో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. క్రైస్తవులని కాగితం మీద తేలితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. వీధి అదే, కూలి అదే, చూసే చూపులూ అవే. కాగితం మాత్రం ఒప్పుకోదు. నాకు ఇదంతా తెలియదని చెప్పను. తెలుసు. కానీ కోవూరులో మా ఇంట్లో ముద్దుపేర్లుండేవి, ఇవీ అలాంటివేనన్నట్టు రాసుకుంటూ పోయాను. రెండో పేరు చెప్పేటప్పుడు వాళ్లు గొంతు తగ్గించేవారు. అది మర్యాద అనుకున్నాను.

మొదట రాసింది ‘కరుణాకుమారి – చూ. పెంచలమ్మ’. అది తెర మీద కనబడిన రోజు పొద్దున నాకు చాలా కాలం తర్వాత ఆకలేసింది. ఆ తర్వాత ఆగలేదు. ఇంటింటికీ తిరిగాను. రెండేళ్లలో నాలుగు వందల పన్నెండు పేర్లు. కువైట్‌లో పనిచేసే ఒకామె తన అవ్వ పేరు దొరికిందని ఏడుస్తూ మెసేజ్ పంపింది.

నోటీసు వచ్చిన మర్నాడు వెంకటశేషమ్మ వచ్చింది. కరుణకు పిన్నమ్మ, వినీలకు నాయనమ్మ. వెనకాల వినీల.

“ఏం అల్లుడా, నీకు మా మీద ఏం పగుండాది?”

“కూర్చో అత్తా.”

“కూచోను రాలేదు నేను. ఈ పిల్ల మూడు తూర్లు రాసింది డీఎస్సీ. మూడోతూరికి టీచరైతావుండాది అనుకుంటే, నువ్వు మా పేర్లన్నీ ఏరుకొనిపోయి ఊరి నడిమధ్యన బోర్డు కట్టినావు.”

“బోర్డు కాదత్తా, లైబ్రరీ. ఎవరి పెద్దల్ని వాళ్లు చూసుకోవచ్చని...”

“చూసుకున్నారు గదా! ఎవుడో బ్రహ్మాండంగా చూసుకున్నాడు.”

“పేరు నువ్వే కదా అత్తా చెప్పింది.” ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె నా మొహంలోకి చూసింది. “అవునబ్బయా, నేనే చెప్పినా. అల్లుడు మా ఇంట కాఫీ తాగతా అడిగితే చెప్పినా. తాసిల్దారు అడిగితే చెప్తానా?”

“ఊరుకో నాయనమ్మా,” అంది వినీల. అంతసేపూ నిలబడే ఉంది. “మావయ్యా, అది తీసెయ్యలేవా?”

“కనుక్కుంటానమ్మా.”

“నేను మూడు వారాలుగా చర్చికి రావడంలేదు. ఎదురు మిద్దె మీద ఎవరో ఫోను పట్టుకొని, వచ్చేవాళ్లను తీస్తూ నిలబడుకోనుంటారంట. ఇంట్లోనే పాడుకుంటున్నా, కిటికీ మూసి.” కాస్త నవ్వబోయింది. “కిటికీ మూస్తే నాయనమ్మ ఉక్కపోస్తుందని తిడుతుంది. తెరిస్తే భయపడుతుంది.”

“నా చేత తిట్టించుకోబాక మళ్లీ,” అని కసిరింది ముసలమ్మ. పోతూ పోతూ కొంగులో ముడేసి తెచ్చిన మునక్కాయలు అరుగు మీద పెట్టి, “ముదిరిపోయినాయి, పారెయ్యలేక తెచ్చినా,” అంది. అవి లేతవి. అప్పుడే కోసినవి.

బెంగళూరుకు ఫోను చేశాను. అక్కడ మన భాష వాళ్లకు మాట సాయం చేసేది సుశీల్ కుమార్. ఎప్పుడూ మర్యాదగా మాట్లాడతాడు.

“సార్, ఇకమీదట ఎవరికీ కనబడకుండా సూచికను ఆపగలం. దానికి పై నుంచి ఉత్తర్వు కావాలి. అయినా పాత ప్రతి తేదీతో సహా మా దగ్గరుంటుంది. ఆ ఫిర్యాదు చేసినాయన ఈపాటికే మా దగ్గర సర్టిఫై చేసిన కాపీ తీసుకున్నారు సార్.”

“ఆ ఒక్క వరుసా చెరిపేస్తే?”

“ఏదీ చెరగకూడదనే కదా సార్ మీరు మా దగ్గరికొచ్చింది. మేముండేదే దాచిపెట్టడానికి.”

“నేనడిగే దాచడం వేరే బాబూ.”

“అర్థమైంది సార్,” అన్నాడు. అర్థమైనందువల్ల అతను చేయగలిగింది ఏమీ లేదు. నాకు కొత్త వరుసలు చేర్చే వీలుందిగానీ, ఉన్నవి తీసే వీలు లేదు. నేను కట్టిన గదికి తలుపు లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది.

చేర్చే వీలుంది కదా అని ఒక పాడు ఆలోచన వచ్చింది. డెబోరా పేరు కింద ఇంకో పదిమందికి ‘చూ.’ రాస్తే? ఎవరు ఎవరో తేలకుండా పోతుంది. కంప్యూటర్ ముందు కూర్చొని రెండు వరుసలు టైపు చేశాను. నా జన్మలో రాసిన మొదటి దొంగకార్డులవి. పక్కన గడిలో తేదీ, టైము వాటంతటవే పడుతున్నాయి. నోటీసు తర్వాత చేర్చినవని చిన్నపిల్లలు కూడా చెప్తారు. సేవ్ చేయకుండా మూసేశాను.

ఇంకో చిక్కు కూడా ఉంది. సూచిక మొదట్లో, పద్ధతి ప్రకారం, ‘ఏ పేరు ఎవరు చెప్పినదీ సంకలనకర్త నోటుపుస్తకంలో కలదు’ అని రాశాను. ఎవరూ అడగకుండానే రాసుకున్న మాట. దాని కింద కూడా ఎర్రగీత ఉంది. నోటుపుస్తకంలో నా చేత్తోనే ఉంది: ‘డెబోరా–వినీల: చెప్పినవారు వెంకటశేషమ్మ, నాయనమ్మ.’ అది చూపిస్తే ఆ ముసలామెను పిలిపిస్తారు. మనవరాలి ఉద్యోగం తీయడానికి నాయనమ్మ చేత వేలిముద్ర వేయిస్తారు. పొయ్యి ముందు నిలబడి కూడా చూశాను. పుస్తకానికి నిప్పు పెట్టడం నావల్ల కాలేదు. సంచిలో పెట్టుకొని విచారణకు బయల్దేరాను.

పదింటికి రమ్మన్నవాళ్లు ఒంటిగంట దాకా పిలవలేదు. వరండాలో రెండు బెంచీలు. ఒకదాని మీద వినీల, వెంకటశేషమ్మ. రెండో బెంచీ మీద నలభై దాటిన ఒక మనిషి, ఇస్త్రీ చొక్కా, ఒళ్లో ఫైలు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. ఆ ఫైలు మనిషే లేచి నమస్కారం పెట్టి, నాకు చోటిచ్చాడు.

“సార్, పద్మనాభయ్యగారు మీరేనా? ఆ సూచిక చేసినాయన?”

“నేనే.”

“నేను నరేంద్రబాబు సార్, మాది కోట మండలం. చెప్పుకోకూడదుగానీ, నేను ఎంఏ హిస్టరీ. ఇట్టాంటివి బోలెడు చూసినా. ఇంత శ్రద్ధగా చేసింది మాత్రం చూడలేదు. తండ్రి పేరు, సంపుటం, పేజీ, పైనించా కిందనించా... ఎవురు చేస్తారు సార్ ఇట్టా?”

రెండేళ్ల పనికి ఎదురుగా నిలబడి మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. ఫిర్యాదు చేసింది కూడా అతనేనని నాకప్పుడు తెలిసింది.

“ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదు సార్,” అన్నాడు, నా మొహం చూసి. “పగలంతా రొయ్యపిల్లల హేచరీలో పని, దొరికిన టైములో చదువు. ఒక్క ర్యాంకులో పోయింది నాకు. కోటాలో ఆఖరి పోస్టు ఆమెది, ఆమె కింద పేరు నాది. వచ్చేతూరికి వయసు దాటిపోతుండాది. నేనైతే ఏం చెయ్యాల, చెప్పండి?”

అటెండరు స్టూలు మీదున్న ఫ్యాను మా వైపు తిప్పాడు. ఆ గాలి అతనికీ నాకూ సమానంగా తగిలింది.

డిప్యూటీ తాసిల్దారు పేరు ఉషారాణి. కాటన్ చీర, మెడలో కళ్లద్దాల గొలుసు. బల్లకు ఒక పక్క వినీల, ఇంకో పక్క నరేంద్రబాబు, నడుమ నేను. కిటికీకి అడ్డంగా బీరువా పెట్టారు. పగలే లైటు వేసుంది. సంచి నా ఒళ్లో ఉంది.

“ఈ రిజిస్టరులో వినీల అనే పేరు ఉందా?”

“లేదండి. డెబోరా అని ఉంది.”

“తండ్రి?”

“మాథ్యూ అని ఉంది.”

“మరి మాలకొండయ్య కూతురు వినీల అని ఎవరు రాశారు?”

“నేను రాశాను.”

“బాప్తిస్మం అప్పుడు మీరు ఉన్నారా? కళ్లతో చూశారా?”

“లేను. ఆ రోజు నెల్లూరులో ఉన్నాను.” అది నిజం. గ్రంథాలయ వారోత్సవాలు.

“అంటే ఎవరో చెబితే రాశారు.”

“అవును.”

“ఎవరు?”

వినీల బల్ల అంచు చూస్తోంది. తలుపు అవతల బెంచీ మీద వెంకటశేషమ్మ దగ్గు వినబడింది. తెలియదంటే అబద్ధం. మరిచిపోయానంటే అదీ అబద్ధమే. ఎవరు ఏ అరుగు మీద కూర్చొని ఏ పేరు చెప్పారో నాకిప్పటికీ నోటికొస్తుంది.

“చెప్పనండి,” అన్నాను.

“చెప్పరా?”

“నన్ను నమ్మి చెప్పారు. చెప్పను.”

“మేడమ్, నోటుపుస్తకం ఉండాది!” నరేంద్రబాబు లేచాడు. “సూచిక మొదట్లో ఆయనే రాసినాడు. రికార్డులు తెమ్మని నోటీసులో ఉంది. ఆ సంచిలోనే ఉంటది మేడమ్!”

“కూర్చోండి. నోటుపుస్తకం ఉందా, పద్మనాభయ్యగారూ?”

“ఉందండి.”

“చూపిస్తారా?”

“చూపించను.”

ఆమె కళ్లద్దాలు తీసి గొలుసుకు వదిలేసింది. చాలాసేపు నావైపు చూసింది. కోపమో, జాలో, మధ్యాహ్నం భోజనం లేని విసుగో నాకు తెలియలేదు. గ్లాసు మీది మూత తీసి, నీళ్లు నావైపు జరిపింది.

“సార్, నేను రాసుకోవాలి కదా. మీరు ఆధారం చూపకపోతే, ఈ రెండు పేర్లూ ఒకరివేనని మీరే కల్పించి రాశారని రాసుకోవాల్సొస్తుంది. ఆ స్టేట్‌మెంట్ మీద మీరు సంతకం పెట్టాలి. కాపీ ఆ లైబ్రరీకి కూడా పోతుంది. ఇంకోసారి ఆలోచించుకోండి.”

అప్పుడు తెలిసింది, ఆ గదిలో ఒక తలుపు ఉందని. అది వినీలను బయటికి పంపి, నా మీద మూసుకొనే తలుపు. ఆమె కావాలనే చూపించిందో, రూలు అంతేనో, ఇప్పటికీ తెలియదు. ఒక పేరు కల్పించినవాడు నాలుగు వందల పన్నెండూ కల్పించి ఉండొచ్చు. ఏ లైబ్రరీ అయినా అలాగే అనుకొని సూచికంతా తీసేస్తుంది, నేనైనా అదే చేసేవాణ్ణి. కువైట్ ఆమె అవ్వ పోతుంది. కరుణ పక్కనున్న పెంచలమ్మ పోతుంది. ఎదురుగా కూర్చున్న మనిషికి రావలసిందేదో, అదీ పోతుంది. అతను అడిగిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

“అట్లాగే రాసుకోండి,” అన్నాను.

“ఇది అన్యాయం మేడమ్!” నరేంద్రబాబు మళ్లీ లేచాడు. “సంచి ఎదురుగ్గా ఉండాది!”

“సంచులు వెతికే అధికారం నాకు లేదు. పైకి అప్పీలు చేసుకోండి, వద్దనను.”

గుమాస్తా స్టేట్‌మెంట్ టైపు చేశాడు. ‘సదరు సూచిక కర్త తగు ఆధారము చూపలేకపోయినందున’ అని మొదలైంది. ‘చూపలేకపోయినందున’ కాదు, ‘చూపనందున’ అని దిద్దమన్నాను. గుమాస్తా విసుక్కున్నాడు. ఆమె దిద్దమంది. సంతకం పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లు తీసుకున్న పుస్తకాలకు, ఇచ్చిన పుస్తకాలకు పెట్టిన సంతకమే, అలవాటుగా తేదీ కూడా వేశాను.

“దీంతో ఈ ఫిర్యాదు ఇక్కడ నిలబడదు,” అంది ఉషారాణిగారు, వినీల వైపు చూడకుండా. “పైన ఏమంటారో నేను చెప్పలేను. ఈలోగా పోస్టింగ్‌కు అడ్డం లేదు.”

వరండాలోకి వచ్చేసరికి వినీల నాకంటే ముందుంది. ఆమె నావైపు తిరగబోయింది. వెంకటశేషమ్మ మనవరాలి మోచెయ్యి పట్టుకొని పక్కకు లాగేసింది. మెట్ల కింద ఎవరో ఫోను ఎత్తి పట్టుకొని ఉన్నారు. సెల్ఫీయో, మరోటో. నేను ఎవరో తెలియనట్టు వాళ్లిద్దరూ నన్ను దాటుకొని గేటు దాకా పోయారు. చుట్టాన్నని తెలిస్తే నా సంతకం నిలబడదు, మేము ఇకనుంచి చుట్టాలం కాకూడదు. ఆమె ఉద్యోగం చేసినన్నాళ్లూ కాకూడదు. ఆటో ఎక్కేటప్పుడు ముసలమ్మ పక్కకు ఒరిగి పడబోతే, పట్టుకోవడానికి లేచిన చెయ్యిని వెనక్కి తీసుకున్నాను.

బస్టాపులో నీడ ఒక్క చోటే ఉంది. నరేంద్రబాబు అక్కడే నిలబడి ఉన్నాడు. వేరే చోటికి పోదామంటే ఎండ. పక్కకు జరిగి చోటిచ్చాడు.

“మీరు కల్పించి రాసే మనిషి కాదు సార్,” అన్నాడు రోడ్డు వైపు చూస్తూ.

నేను సంచి చంక కిందికి జరుపుకున్నాను.

“నాకు కోపంగా ఉండాది.”

“ఉండాలి నాయనా.”

“అప్పీలుకు పోతా.”

“వెళ్లు.”

ఒక బస్సు ఆగకుండా పోయింది. దుమ్ము అణిగాక అడిగాడు. “సూచిక తీసేస్తారా ఇంక?”

“తీసేస్తారు. బొమ్మలుంటాయి. పేర్లు దొరకవు.”

ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “మా మేనమామ ఉండాడు సార్ అందులో. మా అమ్మ పుట్టిల్లు మీ పాళెమే. ఆయన పద్దెనిమిదేళ్లకే సముద్రంలో పోయినాడు. ఫోటో కూడా లేదు. ఆయన కోసమే నేను సూచిక తెరిచింది. ‘ద’ దగ్గరికి పోతా పోతా ‘డ’ కాడ ఆగినా. వినీల అని కనపడింది. ర్యాంకు లిస్టులో నా పైనున్న పేరు. ఆయన్ని మళ్లీ చూద్దాంలే అని, అది ప్రింటు తీసుకున్నా. అన్నీ అయిపోయినాక అమ్మకు చూపించాలనుకున్నా.”

“కాలవ పేరు ఏమిటి?”

“దానియేలు.”

“ఐదుగురు దానియేళ్లున్నారు.”

“బళ్లో పెంచలకృష్ణ.”

“రెండో సంపుటం, నూట ఆరో పేజీ, కిందనించి మూడో వరుస. సిరా కొంచెం అలుక్కుంది. పెద్దది చేసి చూపించు, అమ్మకు కనబడుతుంది.”

అతను జేబులోంచి పెన్ను తీశాడు. ఫైలు మీద రాయబోయి, అది ఫిర్యాదు ఫైలని గుర్తొచ్చి ఆగాడు. అరచేయి తెరిచాడు. అటూ ఇటూ చూసి, ఇది ఎవరి కంటా పడకూడదన్నట్టు మూత పెట్టి పెన్ను జేబులో వేసుకున్నాడు.

“రెండో సంపుటం, నూట ఆరు, కిందనించి మూడు,” అని నోట్లోనే అనుకున్నాడు. ఇంకోసారి అనుకున్నాడు. ఈసారి సంపుటం మరిచిపోయాడు. గుర్తు చేశాను.